గాయం తర్వాత యూనిఫాం

మందుపాతర మీద అడుగు పడిన జవానుకు కాలు పోవడం క్షణంలో పని. ఉద్యోగం నిలుస్తుందో లేదో తేలడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఆ తేల్చే పని ఆసుపత్రి మంచం దగ్గర మొదలై మెడికల్ బోర్డు, పోస్టింగ్ ఫైలు, ఒక్కోసారి కోర్టు మెట్ల దాకా సాగుతుంది. నేడు పట్టాలు అందుకుంటున్న వైద్య, న్యాయ, ఇంజనీరింగ్, పరిపాలనా విభాగాల విద్యార్థుల్లో కొందరి బల్ల మీదికే రేపు ఇలాంటి ఫైలు వస్తుంది. స్నాతకోత్సవ వేదిక మీద ఈ సంగతి ఎత్తుకోవడానికి ఆ కారణం చాలు.

మొదటి మజిలీ దేహానిది. మోకాలి కింద కాలు తీసేసినవారు, మోకాలి పైన తీసేసినవారి కంటే తేలిగ్గా నడక నేర్చుకుంటారు. అందుకే సర్జన్లు వీలైనంతవరకు మోకాలు దక్కించాలని చూస్తారు. గాయం మానాక మిగిలిన మొండిభాగం నెలల తరబడి కుంచించుకుపోతూ ఉంటుంది. మొదట కొలిచి చేసిన సాకెట్ వదులై, మళ్లీ చేయించుకోవలసి వస్తుంది. లేని పాదంలో నొప్పి పుట్టడం కూడా మామూలే. అది నటనా కాదు, పిరికితనమూ కాదు. నాడీవ్యవస్థ పుట్టించే అసలైన నొప్పి. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ రూపొందించిన రబ్బరు పాదంతో చెప్పుల్లేకుండా నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పొలం బురదలో దిగవచ్చు. మన నేలకూ మన అలవాట్లకూ సరిపోవడమే దాని గొప్ప. అయినా కృత్రిమ కాలితో అడవిలో కూంబింగ్‌కు వెళ్లడం అందరికీ సాధ్యం కాదు. ఫిట్‌నెస్ అంటే అదొక్కటే అయితే చాలామంది ఉద్యోగం అక్కడితో సరి.

ఒకప్పుడు అలాగే లెక్కగట్టేవారు. స్పెషల్ సర్వీస్ బ్యూరో కానిస్టేబుల్ ఒకరికి విధుల్లో ఎడమ కాలికి దెబ్బ తగిలి, గ్యాంగ్రీన్ వచ్చి, కాలు తీసేశారు. 1998లో అన్‌ఫిట్ అని ఇంటికి పంపారు. పెన్షన్ ఇచ్చాం కదా, ఇంకేం కావాలన్నది ప్రభుత్వ వాదన. 2003లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. ఖాళీ లేకపోతే అది దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. వికలాంగుల హక్కుల కోసం వచ్చిన 1995 చట్టంలోని 47వ సెక్షన్ చెప్పింది ఇదే. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 20వ సెక్షన్‌లో దీన్నే నిలిపింది.

చట్టానికి ఒక కిటికీ కూడా ఉంది. పని స్వభావాన్ని బట్టి ప్రభుత్వం కొన్ని సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చు. 2021 ఆగస్టులో కేంద్రం సాయుధ పోలీసు బలగాల్లో పోరాట విధుల పోస్టులకు అలా మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, మానసిక అనారోగ్యం ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడదగ్గది. ఆయన ప్రస్తుత విధులకు తగరని తేలితే జీతభత్యాలు కాపాడుతూ వేరే పోస్టు ఇవ్వాలని, ఆ పోస్టులో ఆయుధాలు చేతికి రాకుండా చూసుకునే స్వేచ్ఛ అధికారులకు ఉందని అందులో చెప్పింది. తుపాకీ తీసేసుకోవచ్చు గాని ఉద్యోగం తీసేయనక్కర్లేదన్నమాట. మెడికల్ బోర్డులు గుర్తుపెట్టుకోవలసిన తేడా ఇది.

ఇంతకీ చేతిలో పెట్టే పని ఏమిటి? చాలాచోట్ల ‘లైట్ డ్యూటీ’ అంటే ఆఫీసు మూల కుర్చీ. గాయపడిన మనిషిని అది ఇంకా కుంగదీస్తుంది. 112కు వచ్చే కాల్‌లో అవతలివాళ్ల గొంతు బట్టి ఎంత ప్రమాదమో పసిగట్టడానికీ, సైబర్ మోసగాళ్ల ఖాతాలను వెంటాడడానికీ, కొత్తగా చేరినవాళ్లకు మందుపాతరల జాడ నేర్పడానికీ రెండు కాళ్లూ ఉండి తీరాలని లేదు. చివరిదానికైతే గాయపడిన జవాను అనుభవం పాఠ్యపుస్తకం కంటే విలువైనది. సీఆర్‌పీఎఫ్ 2020లో హైదరాబాద్‌లో దివ్యాంగ సాధికారతా కేంద్రం పెట్టి గాయపడిన సిబ్బందికి పారా క్రీడలతో పాటు కంప్యూటర్ నైపుణ్యాలూ నేర్పిస్తోంది. క్రీడలకు వచ్చినంత పేరు కంప్యూటర్ శిక్షణకు రాలేదు గాని, ఉద్యోగం మాటకొస్తే రెండోదే ముఖ్యం.

తెగని ముడి పదోన్నతి. కేంద్ర బలగాల్లో మనోస్థితి, వినికిడి, కాలుసేతులు, శారీరక దారుఢ్యం, కంటిచూపు కలిపి ‘షేప్’ అనే వైద్య శ్రేణి నిర్ణయిస్తారు. పై ర్యాంకుకు సాధారణంగా షేప్-1 కావాలి. వైకల్యం కారణంగా మాత్రమే పదోన్నతి ఆపకూడదని 2016 చట్టం అంటున్నా, మినహాయింపు ఉన్న పోస్టుల్లో ఆ రక్షణకు బలం చాలదు. కాలు పోయాక ఉద్యోగం నిలబెట్టుకున్న కానిస్టేబుల్ కానిస్టేబుల్‌గానే రిటైర్ కావాలా అన్న ప్రశ్నకు జవాబు ప్రస్తుతం ఆయా బలగాలు ఇచ్చే సడలింపుల మీద, ఫైలు చూసే అధికారి మీద ఆధారపడి ఉంది.