అమ్మాయి పి.ఆర్.ఓ. అవుతానంటే...

(ఆకాశవాణి మహిళల కార్యక్రమ ప్రసంగం)



క్రిందటి నెలలో ఓ మధ్యాహ్నం మా ఎదురింటావిడ వచ్చి కూర్చుంది. మామూలుగా వస్తే వడియాలు ఎండాయా, పాలవాడు వచ్చాడా అని మాట్లాడుకుంటాం. ఆ వేళ మాత్రం ఆవిడ ముఖం చిన్నబోయి ఉంది. వాళ్ళమ్మాయి బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది.

"పబ్లిక్ రిలేషన్స్‌లోకి వెడతానంటోంది అక్కయ్యగారూ! నవ్వుతూ పదిమందినీ పలకరించడం కూడా ఓ చదువేనా? బ్యాంకు పరీక్షలు వ్రాయవే అంటే వినిపించుకోదు. మీరు ఆ ఉద్యోగమే చేశారుగా, కాస్త నచ్చచెప్పండి" అంది.

నచ్చచెప్పవలసింది అమ్మాయికా, అమ్మకా అన్నది నాకు వెంటనే తోచలేదు. ఎందుకంటే 35 ఏళ్ళ క్రిందట మా అమ్మ కూడా అచ్చం ఇలాగే అంది. "గుమ్మంలో నిలబడి పన్నీరు చల్లే ఉద్యోగమా?" అని. పైగా "అందమైన పిల్లల్నే తీసుకుంటారటగా, నిన్నెలా తీసుకున్నారే?" అని కూడా అంది. కన్నతల్లి కాబట్టి సరిపోయింది!

అమ్మ మాట తప్పని అప్పుడు నాకూ తెలియదు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో తెలిసింది.

ఊళ్ళో కుళాయిలకు నీళ్ళిచ్చే ఒక కార్యాలయంలో, పేరెందుకు లెండి, ప్రజాసంబంధాల విభాగంలో నేను కొత్తగా చేరాను. పెద్ద గొట్టం మరమ్మతుకు ఓ రోజు నీళ్ళు ఆపుతున్నారు, ప్రకటన వ్రాయమన్నారు. నేను తెలుగులో మంచి మార్కులు తెచ్చుకున్న దాన్ని గదా! "ప్రధాన గొట్టపు మార్గమున అనివార్యమగు మరమ్మతుల దృష్ట్యా నీటి సరఫరాలో అంతరాయము సంభవించగలదు. వినియోగదారులు సహకరింప కోరడమైనది" అని వ్రాశాను. మా అధికారి చదివి "భేష్" అన్నారు. పత్రికల్లో పడింది. కత్తిరించి దాచుకున్నాను కూడా.

మర్నాడు పదిగంటలకు ఒకావిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరకు వచ్చింది. చేతిలో ఆ పత్రిక. "మా మామగారి పదోరోజమ్మా ఇవాళ. ఇంటినిండా చుట్టాలు. నీళ్ళు ఎన్నింటికి ఆగుతాయో, మళ్ళీ ఎన్నింటికి వస్తాయో, ట్యాంకరు కావాలంటే ఎవర్నడగాలో ఇందులో ఎక్కడుందో చూపించు. సహకరించమన్నారు. దేనికి సహకరించమంటారు?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ అడిగిన మూడు సంగతులూ నా ఎదుట ఫైల్లోనే ఉన్నాయి. ఉదయం ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా అని ఇంజనీరు గారు స్పష్టంగా వ్రాసి పంపారు. నేనే అవన్నీ తీసేసి 'అంతరాయము' అని పెట్టాను. మాట గొప్పగా ఉంటుందని!

ఎలాగో ఒక ట్యాంకరు పంపించాం. అది చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ ఇంట్లో ఆ పూట ఏమైందో, బ్రాహ్మలు ఎంతసేపు కూర్చున్నారో ఇప్పటికీ తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

తరువాతి ప్రకటనలో గంటలు వేశాను. ఈసారి పైవాళ్ళు ఒప్పుకోలేదు. "నాలుగింటికి అని వ్రాసి ఆరైతే జనం మనల్ని తిడతారు, టైము తీసెయ్" అన్నారు. చెప్పకపోతే పొద్దుట నుంచే తిడుతున్నారండీ అన్నాను. వాదన చాలాసేపే జరిగింది. చివరికి, ఆలస్యమైతే మళ్ళీ తెలియజేస్తామన్న ముక్క కలిపి సంతకం చేశారు. నా ఉద్యోగం ఏమిటో నాకు ఆ రోజున అర్థమైంది. లోపలి సంగతి బయటివాళ్ళకు వాళ్ళ మాటల్లో చెప్పడం ఒక సగం. బయటివాళ్ళ బాధ లోపలి పెద్దలకు వాళ్ళ మొహం మీద చెప్పడం రెండో సగం. ఈ రెండో సగం కష్టం. నవ్వుతూ నిలబడితే అయ్యే పని కాదు.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీద నుంచి నీళ్ళలో పడి యాభైమందికి పైగా పోయారు. ప్రమాదం జరిగితే కప్పిపెట్టడమే అంతవరకూ రైలు కంపెనీల పద్ధతి. ఐవీ లీ అనే ఆయన పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీకి పనిచేస్తూ, జరిగిందేమిటో తామే వ్రాసి పత్రికలకు ఇప్పించాడు. విలేఖరులను ఆ చోటికి పిలిపించాడు. పత్రికలకు ప్రకటన ఇవ్వడమనే పద్ధతికి అదే మొదలని చాలామంది చెబుతారు.

ఇదే విద్యను చెడ్డకు వాడినవాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళం కాబట్టి ఈ కథ మనకు తెలియాలి. 1929లో న్యూయార్కులో ఈస్టర్ ఊరేగింపులో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించి నడిచారు. అవి 'స్వాతంత్ర్య జ్యోతులు' అని పత్రికలకు చెప్పారు. అదంతా ఆడవాళ్ళ చేత కూడా సిగరెట్లు కొనిపించడానికి పొగాకు కంపెనీ తరఫున ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ఆయన ఆడించిన నాటకం. స్త్రీ స్వాతంత్ర్యం పేరు చెప్పి ఊపిరితిత్తులు పాడుచేయడం! ఆయన భార్య డోరిస్ ఫ్లైష్‌మన్ కూడా అదే వృత్తిలో ఆయనతో కలిసి పనిచేసింది. స్త్రీలు చేయదగిన ఉద్యోగాల మీద 1928లో ఒక పుస్తకం కూర్చింది. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆవిడ పేరు వెతుక్కోవాలి. ఎక్కడైనా అంతే మరి.

దూరం ఎందుకు? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడింది. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి, ఎటు పోవాలో తెలియక పరుగెత్తారు. ప్రాణాలు పోయాయి. సైరన్ మోగించలేదని తరువాత విచారణ కమిటీ తేల్చింది. లోపల ఏ రసాయనం ఉంది, అది బయటికొస్తే ఏ వైపు వెళ్ళాలి, ముఖానికి తడిగుడ్డ ఎలా కట్టుకోవాలి అని గోడ పక్క ఇళ్ళవాళ్ళకు ముందుగా చెప్పించి ఉంచవలసింది ఎవరు? ఇలాంటి చోట్ల ప్రజాసంబంధాలు చూసేవాళ్ళు యాజమాన్యం తలుపు తట్టి ఆ మాట అడగాలి. మీ అమ్మాయి చేస్తానంటున్న ఉద్యోగం ఇది.

అయితే దీనికి కాలేజీలో ఏం చదవాలి? ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు. ఆ తరువాత జర్నలిజం చదవవచ్చు. ఉస్మానియాలో ఈ శాఖ 1954 నుంచీ ఉంది. ఆడపిల్లలకే కావాలంటే తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఢిల్లీలో 1965లో పెట్టిన ఐ.ఐ.ఎం.సి.లో ప్రకటనలు, ప్రజాసంబంధాలు కలిపి నేర్పుతారు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళ సంఘం, పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1958లో ఏర్పడింది. హైదరాబాదులోనూ, విశాఖలోనూ శాఖలున్నాయి. వాళ్ళు సభలు పెట్టినప్పుడు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నా మంచిదే. మూడు నెలల్లో నేర్పి ఉద్యోగం గ్యారంటీ అని వేలకు వేలు గుంజే సంస్థల జోలికి మాత్రం వెళ్ళనివ్వకండి. అక్కడ చదివినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పమనండి, చాలు.

డిగ్రీ కన్నా ముఖ్యమైన సాధన ఉంది. అది ఖర్చులేనిది. మన ఇళ్ళల్లో జరగవలసింది కూడా.

మొట్టమొదటిది వ్రాయడం. మన పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం వచ్చు, తెలుగు మాట్లాడడం వచ్చు. రెండింట్లో దేంట్లోనూ నాలుగు వాక్యాలు తిన్నగా వ్రాయడం రాదు. కాలేజీ నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్న నోటీసును రోజుకొకటి తెలుగులో వ్రాయమనండి. వ్రాసింది ఇంట్లో బామ్మకో, పనిమనిషికో చదివి వినిపించాలి. వాళ్ళకు అర్థం కాకపోతే తప్పు వాళ్ళది కాదు. నా 'అంతరాయము' ఆనాడు మా బామ్మకు వినిపించి ఉంటే బిందె తీసుకుని ఆవిడ రానక్కరలేకపోయేది. ఫోనే అన్నీ వ్రాసిపెడుతుంది అంటారు ఈ కాలం పిల్లలు. నిజమే, వ్రాస్తుంది. కానీ ఎవరింట్లో పదోరోజో దానికి తెలియదు గదా!

ఒకే వార్తను రెండు పత్రికల్లో చదివించండి. ఒకరు మొదట చెప్పినది రెండోవారు ఎక్కడ చెప్పారు, అసలు వదిలేశారా అని గుర్తుపెట్టించండి. విలేఖరులతో పనిచేయబోయే పిల్లకు విలేఖరి చూపు తెలియాలి.

ఇంకొకటి, వినడం. ఇది నేను మా ఎదురింటి అమ్మాయికి చెప్పిన చిట్కా. ఓ గంటసేపు పెద్దాసుపత్రిలో ఓ.పి. చీట్లిచ్చే చోటుకి దగ్గరగా కూర్చోమన్నాను. జనం అడిగిందే మళ్ళీ మళ్ళీ ఏమడుగుతున్నారో పుస్తకంలో వ్రాసుకోమన్నాను. ఎన్నిసార్లు అడిగారో గీతలు పెట్టుకోమన్నాను. ఆ పిల్ల వెళ్ళింది. ఎక్కువమంది అడిగింది జబ్బు గురించి కాదట. "ఫలానా గది ఎక్కడ?" అనిట. బోర్డులన్నీ ఉన్నాయి, ఇంగ్లీషులో. ఆ పేజీ చూపిస్తూ అమ్మాయి నాకు చెబుతుంటే వాళ్ళమ్మ కూడా పని ఆపి విన్నది.

ఎన్.ఎస్.ఎస్.లో చేరితే పంపండి. పల్లెటూళ్ళో క్యాంపుకి వెళ్ళి, మరుగుదొడ్డి గురించి ఎదురుగా కూర్చున్న ముసలాయనతో మాట్లాడి వచ్చిన పిల్లకు, ఏ సభలోనూ గొంతు వణకదు. కాలేజీ పత్రికకు వ్రాసిందీ, క్యాంపులో చేసిందీ తేదీలతో సహా ఒక ఫైల్లో పెట్టుకోవాలి. రేపు ఉద్యోగానికి వెడితే "ఏం చేశావు?" అని అడుగుతారు. అందుకు సమాధానం ఆ ఫైలే. ఇప్పుడే ఫోనులో ఎవరినో వెక్కిరిస్తూ పెట్టిన మాటలు కూడా వాళ్ళు వెతికి చూస్తారు, ఆ సంగతీ చెప్పండి.

మీ మనసులో ఇంకో మాట ఉంది, నాకు తెలుసు. వేళకాని వేళ తిరగాలి, మగవాళ్ళతో పని. అవును, ఉంటుంది. నా ఉద్యోగంలోనూ రాత్రి పదింటికి ఇంటికొచ్చిన రోజులున్నాయి. అన్నీ మంచి అనుభవాలే అని చెప్పను. అయితే 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట ఆడవాళ్ళ ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండి తీరాలి. శిక్షణకు వెళ్ళిన విద్యార్థినికి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. చేరేముందు "మీ కమిటీలో ఎవరున్నారు?" అని అడగడం మీ అమ్మాయికి నేర్పండి. శిక్షణ ఎన్ని నెలలు, డబ్బిస్తారా లేదా అన్నది కూడా కాగితం మీద తీసుకోమనండి.

మొన్న ఆదివారం మా ఎదురింటికి వెళ్ళాను. కాలేజీలో రక్తదాన శిబిరానికి కరపత్రం వ్రాసే పని ఆ అమ్మాయికి అప్పగించారట. వరండాలో బామ్మగారికి చదివి వినిపిస్తోంది. 'ప్రాణదాతలు కండి' అని మొదలుపెట్టి బ్రహ్మాండంగా వ్రాసింది. బామ్మగారు అంతా విని, "బానే ఉందే, టిఫిను తిని రావాలా, పరగడుపున రావాలా? అది చెప్పలేదేం?" అన్నారు.

అమ్మాయి తెల్లబోయింది. కాగితం మడిచి లోపలికి వెళ్ళింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ, "ఎన్నింటికో కూడా వెయ్యవే, క్రిందటిసారి వెయ్యలేదు మీవాళ్ళు" అని కేకేసింది. బ్యాంకు పరీక్షల మాట ఆ పూట ఆవిడ ఎత్తలేదు.