ఛాసిస్‌ల వరస చెప్పే లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



'ఆర్థికాభివృద్ధి, పరిశ్రమలు' అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. నేను కాలేజీ ప్రొఫెసర్ని కాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నడుపుతాను. కాబట్టి నాకు అలవాటైన దారిలోనే వస్తాను.

జంషెడ్‌పూర్ నుంచో, హోసూరు నుంచో మాకు ఛాసిస్ వస్తుంది. ఇంజను, స్టీరింగు, చక్రాలు తప్ప పైన ఏమీ ఉండదు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని ఎండలో, వానలో వందల కిలోమీటర్లు తోలుకొస్తాడు. దాని మీద కేబిన్, తొట్టి కట్టి, రంగులు వేసి పంపడం మా పని. ఒక్క లారీ బయటికి వెళ్లేలోపు వడ్రంగి, వెల్డరు, ఎలక్ట్రీషియను, పెయింటరు, సీట్లు కుట్టేవాడు, ఇంతమంది చేతులు పడతాయి. ఇప్పుడు చాలా బళ్లు కంపెనీ కేబిన్‌తోనే వస్తున్నాయి గానీ, నేను చెప్పబోయే రోజుల్లో ఎక్కువ పని మాదే. షెడ్ల ముందు ఛాసిస్‌ల వరస ఎంత పొడుగుందో చూస్తే దేశంలో వ్యాపారం ఎలా ఉందో పేపరు చదవకముందే తెలిసేది.

2003 నుంచి 2008 దాకా ఆ వరస తగ్గనే లేదు. 2002-03లో దేశం మొత్తం మీద అమ్ముడైన వాణిజ్య వాహనాలు సుమారు 1.90 లక్షలు. 2007-08 నాటికి అవి 4.90 లక్షలు. ఐదేళ్లలో రెండున్నర రెట్లు! వడ్డీలు తక్కువ. ఊరూరా కట్టడాలు, సిమెంటు, ఇనుము. బళ్లారి వైపు నుంచి రేవులకు ముడి ఖనిజం. పైగా 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి రోడ్డు నాలుగు వరసలవుతోంది. అందులో కలకత్తా-చెన్నై భాగం మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సాగే రోడ్డే కదా.

వీటికి తోడు 2005 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. ఆరు టైర్ల లారీకి బండి బరువుతో కలిపి 16.2 టన్నులు హద్దు. అంటే సరుకు తొమ్మిది, పది టన్నులు. కానీ పదిహేను టన్నులు ఎక్కించి పంపడం మామూలైపోయింది. కొన్ని రాష్ట్రాలు డబ్బు కట్టించుకుని దానికి కార్డులు కూడా ఇచ్చేవి. అలా ఇవ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. సరుకు ఒక్క బస్తా పెరక్కపోయినా, అదే సరుకు మోయడానికి లారీలు ఎక్కువ కావలసి వచ్చాయి. 2005-06లో 3.51 లక్షలున్న అమ్మకాలు మరుసటేడు 4.67 లక్షలయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి. లెక్కల మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు, తప్పుంటే ఆపండి సార్.

ఒక ఊళ్లో సరుకంతా మోయడానికి 100 లారీలు కావాలనుకుందాం. ఏటా 10 పాతబడి తుక్కుకు పోతాయి. సరుకు పెరగకపోతే కొత్తవి 10 కొంటే సరి. ఒక ఏడు సరుకు పదిశాతం పెరిగింది. పోయిన 10కి బదులు 10, పెరిగిన సరుకు కోసం ఇంకో 10, మొత్తం 20. సరుకు పెరిగింది పదిశాతమే, ఫ్యాక్టరీకి ఆర్డర్లు మాత్రం రెండింతలు. మరుసటేడు సరుకు పెరగలేదు, అలాగని తగ్గనూ లేదు. 110 లారీల్లో 11 తుక్కుకు పోతే కొత్తవి 11 చాలు. ఆర్డర్లు 20 నుంచి 11కి పడిపోయాయి. బజారులో ఎవరి దుకాణమూ మూతపడలేదు, అయినా లారీ ఫ్యాక్టరీకి దాదాపు సగం పని పోయింది!

జె.ఎం. క్లార్క్ అనే అమెరికా ఆర్థికవేత్త 1917లోనే ఈ సంగతి రాశాడు. ఆటోనగర్‌లో ఆయన పేరు ఎవరికీ తెలియదు గానీ, 2008 చివర్లో ఆ లెక్క అందరికీ అర్థమైంది. ఆ నవంబరులో టాటా వాళ్ల జంషెడ్‌పూర్ ఫ్యాక్టరీ కొన్ని రోజులు ఆగింది. అశోక్ లేలాండ్ వారానికి మూడు రోజుల పని పెట్టుకుంది. 2008-09లో అమ్మకాలు 3.84 లక్షలకు దిగాయి. మా వీధిలో ఛాసిస్‌ల వరస పోయి, ఆ ఖాళీలో పిల్లలు క్రికెట్టు ఆడుకున్నారు.

ఫ్యాక్టరీ నాలుగు రోజులు గేటు మూసి మళ్లీ తెరుస్తుంది. ఒక్క లారీ వాడు ఏం మూస్తాడు? మన దేశంలో లారీ ఓనర్లలో ఎక్కువ మంది ఐదు బళ్ల లోపు వాళ్లే. మన బడిలోనే నాతో చదువుకున్న ఒకాయన 2008 మొదట్లో అరెకరం తాకట్టు పెట్టి రెండో లారీ తీసుకున్నాడు. మంచి కష్టజీవి, తాగుడు లేదు, లెక్క తెలిసినవాడు. కిస్తీని అప్పటి కిరాయిల ప్రకారం లెక్కేసుకున్నాడు. ఏడాది తిరక్కముందే కిరాయి పడిపోయింది, కిస్తీ మాత్రం అలాగే ఉంది. తిరుగు లోడు కోసం నాగపూర్‌లో ఐదేసి రోజులు పడిగాపులు పడ్డాడు. మూడు కిస్తీలు తప్పాయి, ఫైనాన్సు వాళ్లు బండి పట్టుకుపోయారు. ఇది ఆయన తెలివితక్కువతనం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అప్పిచ్చినవాళ్లూ, బండి చేసినవాళ్లూ ఆ కిరాయిల్ని చూసే లెక్కేశారు.

2009 జనవరిలో ప్రభుత్వం సాయం ప్రకటించింది. కొత్త వాణిజ్య వాహనం కొంటే ధరలో సగం తరుగుదల కింద ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవచ్చు. బాగానే ఉంది. కానీ తరుగుదల చూపుకునేది పుస్తకాలు రాసే పెద్ద ఫ్లీటుల వాళ్లు. బండికి ఇంతని అంచనా ఆదాయం మీద పన్ను కట్టే చిన్న ఓనరుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. అమ్మకాలు మాత్రం లేచాయి, 2009-10లో 5.32 లక్షలు.

అప్పుడు నాకు ఇంకో కష్టం వచ్చింది. పని ఉంది, మనుషులు లేరు. తొట్టి వెనక నెమళ్లు, తామరపూలు వేసే పెయింటరు ఆ ఖాళీ రోజుల్లో అపార్టుమెంట్ల గోడలకు రంగులేయడానికి హైదరాబాదు వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఇరవై ఏళ్లకు వచ్చిన చెయ్యి అది. గోడలకు వేసేది ఒకటే రంగు.

2018లో దీనికి తిరగబడ్డ కథ నడిచింది. ముందు జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టుల దగ్గర ఆగడం తగ్గింది, బళ్లు ఎక్కువ ట్రిప్పులు తిరగసాగాయి. తర్వాత ఆ జూలైలో ఆరు టైర్ల బండి హద్దును 16.2 నుంచి 18.5 టన్నులకు పెంచారు. రెండూ మంచివే. కానీ ఉన్న లారీలే ఎక్కువ మోస్తుంటే కొత్తవి ఎవరికి కావాలి? సరుకు కూడా నెమ్మదించింది. 2018-19లో పది లక్షలు దాటిన అమ్మకాలు మరుసటేడు 7.17 లక్షలకు వచ్చాయి.

ఇప్పుడు మన కుర్రాళ్లు ఎవరైనా బండి కొంటానని వస్తే మూడు సంగతులు అడుగుతాను. కిరాయి నాలుగోవంతు పడిపోతే కిస్తీ కట్టగలవా? తిరుగు లోడు ఎవరిస్తారు? ఆరు నెలల కిస్తీ చేతిలో ఉందా? చాలామందికి కోపం వస్తుంది. ఇద్దరు ముగ్గురు మాత్రం సెకండ్ హ్యాండు బండితో సరిపెట్టుకున్నారు.

తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఒకరోజు ఆటోనగర్ తీసుకొస్తామని హెడ్‌మాస్టారు అన్నారు. తప్పకుండా తీసుకురండి సార్. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు మాకు సెలవు.