నెత్తురు ఆగకపోతే



కత్తిపీట తగిలి వేలు తెగింది. నెత్తురు వచ్చింది. గుడ్డతో అదిమి పట్టాం. కాసేపటికి ఆగిపోయింది. ఎవరు ఆపారు? మన నెత్తురే ఆపుకుంది.

నెత్తురులో కంటికి కనబడని చిన్న కణాలుంటాయి. వాటిని ప్లేట్‌లెట్లు అంటారు. చెరువు గట్టుకు గండి పడితే ఊరంతా కదులుతుంది. మట్టి పోసి పూడుస్తుంది. ప్లేట్‌లెట్లు చేసే పనీ అదే. తెగిన చోటికి చేరతాయి. ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటిమీద సన్నని దారాల వల అల్లుకుంటుంది. గండి పూడుతుంది.

మరి కిడ్నీ జబ్బు ముదిరితే ఏమవుతుంది?

కిడ్నీలు నెత్తురులోని మలినాన్ని వడగట్టి మూత్రంలో పంపుతాయి. అవి దెబ్బతింటే మలినం నెత్తురులోనే ఉండిపోతుంది. అప్పుడు ప్లేట్‌లెట్లకు అతుక్కునే గుణం తగ్గుతుంది. పరీక్షలో లెక్క సరిగానే ఉండొచ్చు. కాని పని సరిగా చేయవు. బంకమట్టి బదులు ఇసుక పోసి గండి పూడ్చినట్టే!

ఇంకొక సంగతి ఉంది. ఎముకల్లో కొత్త నెత్తురు తయారు కావాలంటే కిడ్నీల నుంచి ఒక పదార్థం రావాలి. అది తగ్గితే రక్తహీనత వస్తుంది. ఎర్ర కణాలు నిండుగా ఉంటే ప్లేట్‌లెట్లను రక్తనాళం గోడవైపు నెడతాయి. ఎర్ర కణాలు తగ్గితే అవి గండి దగ్గరకు సరిగా చేరవు. అందుకే రక్తహీనతకు వైద్యం చేస్తే నెత్తురు కారడం కూడా తగ్గుతుంది.

ఈ గుర్తులు చూడండి. చిగుళ్లనుంచి, ముక్కునుంచి నెత్తురు వస్తుంది. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. ఆడవాళ్లకు నెలసరిలో ఎక్కువ పోతుంది. మలం తారులా నల్లగా వస్తే కడుపులో నెత్తురు కారుతుండొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చిత్రమేమంటే, ఇదే రోగికి అవసరం లేనిచోట నెత్తురు గడ్డ కట్టొచ్చు కూడా. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకూడదు.

డయాలిసిస్ కోసం చేతికి ఫిస్టులా పెడతారు. దానిమీద వేళ్లు పెడితే జుమ్మని అదురుతుంది. రోజూ చూసుకోవాలి. అదురు ఆగిందంటే గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు. బరువు మోయకూడదు. ఫిస్టులా నుంచి నెత్తురు కారితే శుభ్రమైన గుడ్డతో ఆ చోటే గట్టిగా అదమాలి. చేయి పైకెత్తి ఉంచి 108కి ఫోన్ చేయాలి. పసుపు, కాఫీపొడి అద్దుతూ కూర్చోకూడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస వంటి మండలాల్లో ఎన్నో ఇళ్లను ఈ జబ్బు కుంగదీసింది. బీపీ, షుగరు లేనివారికీ వస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి.

కారణం తేలలేదు సరే. మన చేతిలో ఉన్నదేమిటి?

కొబ్బరితోటలో, జీడితోటలో పొద్దంతా పనిచేసిన మామకు ఒళ్లు నొప్పులు. కోడలు కొట్టుకు పోయి నొప్పి బిళ్ల తెస్తుంది. ప్రేమతోనే తెస్తుంది. కాని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు రెండువిధాల చేటు చేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. ప్లేట్‌లెట్ల అతుకును ఇంకా తగ్గిస్తాయి. అప్పుడు కడుపులో నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది. గుండెకోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్ సంగతి వేరు. దాన్ని సొంతంగా ఆపకూడదు. అడిగి తెలుసుకోవాలి.

పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్‌కు ముందు "నాకు కిడ్నీ జబ్బుంది" అని చెప్పండి. సిగ్గుపడొద్దు. ఆ ఒక్క మాట ప్రాణం కాపాడొచ్చు.

ఇప్పుడు మీకు చదువొచ్చింది. మందు అట్టమీద పేరు చదవండి. పేరు తెలియకపోతే అడగండి. అడిగాకే మింగండి.