పరాయి దేశంలో తొలి చలికాలం



మన సరిహద్దు జిల్లాల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడుతూ పెరుగుతారు. రెండు భాషలు వచ్చినవారికి ఏ దేశమైనా ఒకటేనని మనం ధీమాగా పంపుతాం. కానీ భాష రావడం వేరు, ఆ ఊరి తీరు వంటబట్టడం వేరు.

జర్మనీనే తీసుకోండి. డిసెంబరులో బెర్లిన్‌లో 4 గంటలకే పొద్దు గూకుతుంది. ఆదివారం దుకాణాలు చాలామటుకు మూసే ఉంటాయి. రాత్రి 10 దాటాక చప్పుడు చేయకూడదు. చెప్పకుండా ఇంటికి వెళ్లడం మర్యాద కాదు. 'భోంచేశావా?' అని పలకరించేవారుండరు. ఇవన్నీ చిన్నవే. ఒక్కసారిగా మీదపడితే మాత్రం దిగులు పట్టుకుంటుంది.

దీన్నే 'కల్చర్ షాక్' అంటారు. మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో దీని దశలను వివరించారు. మొదట అంతా అద్భుతం. తరువాత అన్నిటిమీదా చిరాకు. పిమ్మట కొద్దికొద్దిగా కోలుకోవడం. చివరికి సర్దుకుపోవడం. అందరికీ ఇదే వరుసలో జరగాలని లేదు.

చిక్కంతా రెండో దశలోనే. బిడ్డ 'బాగానే ఉన్నా' అని ముక్తసరిగా ఫోను పెట్టేస్తే, 'అప్పుచేసి పంపాం, ఓర్చుకో' అనకండి. ఆ మాటతో మీకు చెప్పుకోవడమే మానేస్తారు. ఏం వండుకున్నావు, ఎవరితో మాట్లాడావు అని అడగండి. రోజూ ఒక్కరితోనైనా అక్కడి భాషలో మాట్లాడమనండి. పగటి వెలుతురులో కాసేపు నడవమనండి. వారాల తరబడి నిద్ర, తిండి, చదువు దెబ్బతింటే విశ్వవిద్యాలయ సలహా కేంద్రానికో, వైద్యుడికో చెప్పుకోమనండి. అందులో నామోషీ లేదు.

పొరుగు భాష మనకైనా ఒక్కరోజులో పట్టుబడలేదు కదా! వాళ్లకూ కాస్త వ్యవధి ఇవ్వండి.