చెరకు పిప్పి – అణుశక్తి

అణుశక్తి మేలా, కీడా అన్న చర్చ ఈనాడు దేశమంతటా సాగుతున్నది. 1969లో తారాపూరులో మన తొలి అణువిద్యుత్కేంద్రం పనిచేయ నారంభించింది. 2011లో జపానులోని ఫుకుషిమా ప్రమాదం లోకాన్ని కలవరపరచింది. అణుశక్తిని మేము కాదనము. రాత్రింబవళ్లు, ఋతుభేదం లేక విద్యుత్తు నీయగలగడం దాని గుణం. వేల యేండ్లు కాపాడవలసిన వ్యర్థాన్ని మిగల్చడం దాని దోషం.

అయితే నిజామాబాదు జిల్లావారు ఈ ప్రశ్నను తమ పొలం గట్టున నిలిచి కూడ ఆలోచించవలెను. నిజాంసాగరు నీటితో పండే చెరకు టన్నుకు, రసం తీయగా, సుమారు పావు టన్ను పిప్పి మిగులుతుంది. కర్మాగారంలో ఆ పిప్పి మండి నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైనును త్రిప్పి విద్యుత్తు నిస్తుంది. పిమ్మట అదే ఆవిరి రసాన్ని కాచుతుంది. మిగిలిన బూడిద పొలానికి ఎరువు. చెరకు ఆడే కొద్ది నెలలే ఈ సౌకర్యమన్న మాట నిజమే. కాని ఈ ఇంధనాన్ని దూరదేశాలనుండి తెప్పించుకోనక్కరలేదు.

1937లో బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో వెలసిన చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. రైతుకు చెరకు కొనేవారు, కార్మికునికి పని కరవైనవని అందరమూ విచారించాము. ఆ పొయ్యితోపాటు ఒక విద్యుత్ మూలం కూడ ఆరిపోయిందని తలచినవారు తక్కువ. చెరకు విడిచి వరి నాటిన రైతు బోరుబావిపై ఆధారపడితే, ఆ మోటారుకు విద్యుత్తు ఎక్కడనుండియో రావలెను గదా!

కనుక కర్మాగారాన్ని తిరిగి తెరిచే మాట వచ్చినప్పుడెల్ల చక్కెర ధర నొక్కదానినే చూడక, పిప్పి ఇచ్చే విద్యుత్తును సైతం లెక్కలో వేయవలెనని మా అభిప్రాయం.