నార్త్ సీ అడుగున ఒక నేల ఉంది

1931లో ఇంగ్లండ్ తూర్పు తీరానికి దూరంగా, కొలిండా అనే చేపల పడవ వలలో ఓ నల్లటి మట్టిగడ్డ పడింది. పగలగొడితే లోపల జింకకొమ్ముతో చెక్కిన ఈటెమొన! నడిసముద్రంలో వేటగాడి ఆయుధం ఏంటి? ఎవరి పడవలోంచో జారిపడింది అనుకోవచ్చు. కానీ అక్కడి మట్టిలోని పుప్పొడిని పరీక్షిస్తే మంచినీటి చిత్తడి నేల అని తేలింది. తర్వాత ఆ ఈటెమొన వయసు చూస్తే 13 వేల ఏళ్లు దాటింది.

సుమారు 20 వేల ఏళ్ల క్రితం సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది. నీళ్లన్నీ మంచుపలకల్లో ఇరుక్కున్నాయి మరి. బ్రిటన్ అప్పుడు ద్వీపమే కాదు, యూరప్‌తో కలిసే ఉంది. మునిగిపోయిన ఆ నేలకి 1990ల్లో బ్రయొనీ కోల్స్ అనే పురాతత్వవేత్త డాగర్‌ల్యాండ్ అని పేరు పెట్టారు.

ఇది చదివి నాలో ఇంజినీర్ ఆగలేదు. సముద్రం లోతుల డేటా జెబ్కో సైట్‌లో ఫ్రీగా ఉంది. పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి, లోతు 120 మీటర్లలోపు ఉన్నచోటల్లా పచ్చరంగు కొట్టా. మ్యాప్ రెడీ, నేను ఫుల్ ఖుషీ. తీరా చూస్తే అది తప్పుడు మ్యాప్! నీళ్లే కాదు, నేల కూడా కదులుతుంది. మంచు బరువుకి దిగిపోయిన స్కాట్లండ్ ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తోంది. పైగా పాత నదుల్ని వేల ఏళ్ల ఇసుక, బురద కప్పేశాయి. ఇవాళ్టి సముద్రపు అడుగు అప్పటి నేల కాదు.

మరి ఆ బురద కింద ఏముందో ఎలా చూడాలి? బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో విన్సెంట్ గాఫ్నీ టీమ్ చమురు, గ్యాస్ కోసం చేసిన సర్వేల డేటా తీసుకుంది. శబ్ద తరంగాలు పంపి ప్రతిధ్వని వింటారు కదా, అదే. చమురు వెతికేవాళ్లకి కావాల్సింది బాగా లోతున ఉంటుంది, పై పొరలతో వాళ్లకి పనిలేదు. వీళ్లకి కావాల్సినవి సరిగ్గా ఆ పై పొరలే! వాటిలో నదులు, సరస్సులు, తీరాలు కనిపించాయి. వేరేవాళ్లు పట్టించుకోని లాగ్ ఫైల్‌లో మన బగ్ దొరికినట్టు.

నాకు దిగులు ఎక్కడంటే, చేపలు, పక్షులు, గుల్లలు ఒకేచోట దొరికే తీరం వదిలి మనుషులు ఎందుకు పోతారు? వాళ్లు ఇష్టపడి బతికిన చోటే మునిగిపోయింది. మ్యూజియంలో మనం చూసేది ఎక్కువగా మెట్టభూమిలో మిగిలిన కథే.

ఇప్పుడు నార్త్ సీలో వరసగా గాలిమరలు పాతుతున్నారు. వాటికోసం చేసే సర్వేలు పురాతత్వవేత్తలకీ పనికొస్తున్నాయి, అది మంచిదే. కానీ పునాది దిగినచోట మళ్లీ వెతకడం కష్టం. సో, ముందు చూడటమా, ముందు పాతటమా? కామెంట్‌లో కొట్టండి.