డబ్బుదారిలో కాపలాదారులు

ఒక వ్యాపారం చట్టప్రకారమే నడుస్తోంది. కొనేవారున్నారు, అమ్మేవారున్నారు. కాని సొమ్ము చేతులు మారడానికి మధ్యలో ఉన్న సంస్థ ‘మీతో మాకు లావాదేవీ వద్దు’ అంటే ఏం జరుగుతుంది? కోల్‌కతా ఉదాహరణతో పరిశీలిద్దాం. విషయం కాస్త ఇబ్బందికరమైనదే. అయినా రేపు బ్యాంకుల్లో, న్యాయస్థానాల్లో పనిచేయబోయే మీరు తెలుసుకోవలసినదే.

ఉత్తర కోల్‌కతాలోని సోనాగాచిలో వేలాది సెక్స్ వర్కర్లు ఉంటారు. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ ఎయిడ్స్ నివారణ పథకం ప్రారంభించారు. రోగానికీ అప్పుకూ సంబంధం ఉందని త్వరలోనే తేలింది. అప్పులో మునిగిన స్త్రీ, కండోమ్ వాడనన్న విటుణ్ణి కాదనలేదు. ఆ అప్పు ఎందుకు? బ్యాంకు వారికి ఖాతా ఇవ్వదు. చిరునామా రుజువేది, గుర్తింపు కాగితమేది అని అడుగుతుంది. ఇక మిగిలింది వడ్డీ వ్యాపారే. అతని వడ్డీ అసలును మింగేసేది.

1995లో కొద్దిమంది స్త్రీలు కలిసి తామే సహకార సంఘం పెట్టుకోబోయారు. సభ్యులకు ‘సత్ప్రవర్తన’ ఉండాలన్న నిబంధన అడ్డొచ్చింది. గృహిణులమని రాసి నమోదు చేసుకోమని సలహా వచ్చింది. వారు ఒప్పుకోలేదు! పేరు మార్చుకుంటే పని సులువుగా అయ్యేది. కాని వృత్తిని దాచిపెడితే, రేపు ఎవరైనా బయటపెట్టిన రోజున సంఘమే పోతుంది కదా. చివరికి ప్రభుత్వమే ఆ అడ్డు తొలగించింది. అలా ‘ఉషా’ సహకార సంఘం పుట్టింది. రోజూ గడప గడపకూ వెళ్లి చిన్న మొత్తాలు పొదుపుగా సేకరించడం, తక్కువ వడ్డీకి అప్పివ్వడం దాని పని. సభ్యత్వం వేలల్లోకి పెరిగింది.

గుర్తింపు కాగితాల చిక్కు మాత్రం ఇంకా చాలాకాలం సాగింది. 1999లో కోల్‌కతాలో జరిగిన ఒక సెక్స్ వర్కర్ హత్య కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అదే కేసులో 2022 మే 19న, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం, నివాస రుజువు లేకున్నా వీరికి ఆధార్ ఇవ్వాలని ఆదేశించింది.

ఇప్పుడు ఇంటర్నెట్ సంగతికి వద్దాం. పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన వెబ్‌సైట్లు నడపడం మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం కింద నేరం. కాని అనేక దేశాల్లో అది చట్టబద్ధం. అక్కడ ఒక్కో చెల్లింపు కొన్నవారి బ్యాంకు, కార్డు సంస్థ, అమ్మినవారి బ్యాంకు దాటి వెళ్లాలి. కొన్నవారు తర్వాత ‘నేను కొనలేదు’ అని సొమ్ము వెనక్కి అడగడం ఈ రంగంలో ఎక్కువ. అందుకే అధిక రుసుములు, అదనపు షరతులు.

కొన్ని షరతులు న్యాయమైనవే. 2021 అక్టోబరు నుంచి మాస్టర్‌కార్డ్, చిత్రంలో కనిపించే ప్రతి వ్యక్తి వయసుకూ అంగీకారానికీ రుజువు ఉండాలంది. పిల్లలను, మోసపోయినవారిని కాపాడే నియమాన్ని తప్పుపట్టలేం. ఆ ఏడాది ఆగస్టులోనే లండన్‌కు చెందిన ఓన్లీఫ్యాన్స్ సంస్థ, బ్యాంకుల ఒత్తిడి వల్ల అశ్లీల దృశ్యాలను నిషేధిస్తున్నామని ప్రకటించింది. ఆరు రోజులకే వెనక్కి తగ్గింది. చట్టం మారలేదు, కోర్టు తీర్పేమీ రాలేదు. అయినా ఆ ఆరు రోజులు ఆ సంపాదనపై బతికేవారికి దిక్కుతోచలేదు.

బ్యాంకు ఒక వ్యాపారి ఖాతా రద్దు చేస్తే, అతని పేరు మ్యాచ్ అనే ఉమ్మడి జాబితాలోకి ఎక్కవచ్చు. అయిదేళ్లు అక్కడే ఉంటుంది. మరో బ్యాంకుకు వెళ్లినా ముందు ఆ జాబితానే చూస్తారు. సోనాగాచి స్త్రీలు పోరాడింది ఒక ప్రభుత్వ నిబంధనతో. దాన్ని మార్చే అధికారం ఎవరిదో తెలుసు. పైగా పొదుపు సంఘాన్ని పదిమంది కలిసి పెట్టుకోగలరు. ప్రపంచమంతా చెల్లే కార్డు వ్యవస్థను ఏ చిన్న యజమానీ సొంతంగా పెట్టుకోలేడు.